రేవు దాటి వచ్చినవాళ్లు

మఠంపల్లికి కతోలిక విశ్వాసం ఎవరు తెచ్చారు? శుభవార్త దేవాలయం పండుగ దగ్గర పడ్డప్పుడల్లా ఊళ్లో ఈ మాట లేస్తుంది. గుడికి రంగులు వేయించేవాళ్లు, పందిళ్లు వేయించేవాళ్లు, ఎడ్ల పందేలకు పేర్లు రాసుకునేవాళ్లు అందరూ ఒక్క చేయిగా పనిచేస్తారు. పండుగ కాగితంలో ఊరి చరిత్రకు మొదటి వాక్యం రాయాల్సి వచ్చేసరికి రెండు పక్షాలవుతారు. ఇటలీ నుంచి వచ్చిన మిలాను స్వాములతో మొదలుపెట్టాలని ఒక పక్షం. గుంటూరు సీమ నుంచి బండ్లు కట్టుకొని వచ్చిన మన ఇళ్ల పెద్దలతో మొదలుపెట్టాలని ఇంకో పక్షం. నేను రెండో పక్షం మనిషిని. కానీ ఆ పక్షంలో నాతోపాటు నిలబడ్డవాళ్లు చెప్పే కారణం నాకు చాలదు. వాళ్లు ఇంటిపేరు చూసుకొని మాట్లాడతారు. నేను చూసేది పని జరిగిన తీరును. ఈ నేల మీద దేవుడు చేయించుకున్న పని అంతా, చేతిలో ఉన్న కొంచెం పెట్టి మిగతాది ఆయనకు వదిలేసినవాళ్ల వల్ల పెరిగింది. గుళ్లూ, లెక్కలూ ఆ తరువాత వచ్చాయి. చరిత్ర రాసేవాళ్లు ఈ వరసను తిరగేశారు.

పత్రికలవాళ్ల సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. పండుగకు వాళ్లు రాసేది ఎడ్ల గురించి. పాలపళ్ల విభాగంలో ఎవరి జత గెలిచింది, ఆరుపళ్ల విభాగంలో బండ ఎన్ని అడుగులు లాగింది, ఏ నాయకుడు వచ్చి కొరడా పట్టుకున్నాడు. ఎడ్ల పందేలంటే నాకూ ఇష్టమే, రైతు ఊళ్లో అవి ఉండాల్సిందే. కానీ ఇన్నేళ్లుగా పూజకు నిండిపోయే ఆ గుడి ఎలా నిండిందో ఒక్క పేరా రాసిన విలేఖరిని నేను చూడలేదు. బయటివాళ్లలో సగం మందికి మఠంపల్లి అంటే మట్టపల్లే. నరసింహస్వామి కొలువున్న మట్టపల్లి మా మండలంలోనే, కృష్ణ ఒడ్డున ఉంది. ఆ స్వామి భక్తులూ మేమూ ఒకే సంతలో బేరమాడుకునేవాళ్లం. ఊళ్లు మాత్రం వేరు, కథలు వేరు.

ఇక అసలు సంగతి. మా చరిత్ర సరిగా నమోదు కాకపోవడానికి కారణం కృష్ణానది అంటాను. 1788లో గుంటూరు సర్కారు నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. ఆనాటి నుంచి 1948 సెప్టెంబరు దాకా అవతలి ఒడ్డు మద్రాసు వాళ్లది, ఇవతలి ఒడ్డు నిజాముది. శ్రీసభ పంపకం కూడా ఇదే గీత మీద జరిగింది. అవతలి గుంటూరు, నెల్లూరు సీమలు మద్రాసు మేత్రాణుల కింద ఉండేవి. 1875 నుంచి అక్కడికి లండనులోని మిల్‌హిల్ సంస్థ స్వాములు వచ్చారు. ఇవతల నిజాం సీమకు 1851లో హైదరాబాదు కేంద్రంగా వేరే అధికారం ఏర్పడింది. 1855 నుంచి అక్కడ పనిచేసినవాళ్లు మిలాను సంస్థవాళ్లు. 1886లో హైదరాబాదు మేత్రాసనమైంది. మిల్‌హిల్ వాళ్ల పుస్తకం తీసుకుంటే కథ ఫిరంగిపురం, రెంటచింతల మీదుగా వచ్చి దక్షిణపు గట్టు దగ్గర ఆగిపోతుంది. మిలాను వాళ్ల పుస్తకం హైదరాబాదులో మొదలై, వాళ్ల చేతిలోనే ఉన్న బెజవాడ వైపు మళ్లుతుంది. ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు నడిచొచ్చినవాళ్లు ఏ పుస్తకంలోనూ పడలేదు. వీళ్లు పోయారని అక్కడా రాయలేదు, వచ్చారని ఇక్కడా రాయలేదు. ఏ సంస్థ చరిత్రకారుడైనా తన సంస్థ స్వాములను లెక్కపెడతాడు. అందులో తప్పులేదు. ఆ లెక్కనే ఊరి చరిత్ర అని మనం నెత్తిన పెట్టుకోవడమే తప్పు.

దాటిన దారి కూడా ఇప్పుడు కనబడదు. మట్టపల్లి దగ్గర ఇటు, తంగెడ దగ్గర అటు రేవులుండేవి. పుట్టి మీదా బల్లకట్టు మీదా మనుషులు, గొడ్లు, బండ్లు దాటేవి. ఇప్పుడు మట్టపల్లి దగ్గర వంతెన వచ్చింది. 2013లో పులిచింతల ప్రాజెక్టు పూర్తయ్యాక, నీళ్లు నిలిపినప్పుడు వెనకజలాలు మట్టపల్లి దాకా ఎగదన్నుతాయి. పాత రేవు మెట్టు ఎక్కడుండేదో పిల్లలకు చూపిద్దామంటే నీళ్ల వైపు చెయ్యి చాపి చూపించాల్సిందే. వంతెన మీద ఇప్పుడు అరగంటలో పల్నాడు చుట్టాలింటికి పోతున్నాం. ఆ దాటడం ఒకప్పుడు ఒక దొరతనం నుంచి ఇంకో దొరతనానికి, ఒక మేత్రాసనం నుంచి ఇంకోదానికి పోవడమని కొత్త తరానికి చెబితే తప్ప తెలియదు.

మిలాను పక్షం మిత్రులకు నేను చూపించే సాక్ష్యం మా సమాధుల తోట. పాత రాళ్ల మీద పేర్లు చదవండి. ఇన్నయ్య, శౌరి, రాయప్ప, చిన్నప్ప, జ్ఞానమ్మ, ఆరోగ్యం. ఇన్నయ్య అంటే యేసు సభ స్థాపకుడు ఇగ్నేషియసు. శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియరు. ఇద్దరూ జెస్విట్ల పునీతులే. రాయప్ప పేతురు, చిన్నప్ప పౌలు. తమిళనాట కతోలికులు పలికిన పేర్లే దక్షిణం నుంచి తెలుగులోకి నడిచొచ్చాయి. తెలుగు బైబిళ్లు అచ్చయి ఇంటింటికీ చేరాక నామకరణం జరిగి ఉంటే పేతురు, పౌలు అనే పెట్టేవాళ్లు. మిలాను స్వాములే మొదటి విత్తనం వేసి ఉంటే వాళ్ల నగరపు పునీతుడు అంబ్రోసు పేరు ప్రతి వీధిలోనూ వినబడేది. మా ముత్తాతల పేర్లు వాటికంటే పాతవి. 1700 తరువాత పుంగనూరు వైపు నుంచి తెలుగు సీమలోకి వచ్చిన ఫ్రెంచి జెస్విట్ల కర్నాటక మిషను ముద్ర అది. ఆ ముద్ర పడ్డ కుటుంబాలే అనంతపురం వైపు నుంచి గుంటూరు సీమకు, అక్కడి నుంచి ఇంకా ఉత్తరానికి కదిలాయి.

దీనికి ఎదురు జవాబు ఉంది, నేను విన్నాను. జ్ఞానస్నానమిచ్చిన స్వామి ఊరివాళ్ల వాడుకను బట్టే పేరు పెడతాడు, కాబట్టి పేరు సాక్ష్యం కాదంటారు. ఆ వాడుక ఊళ్లోకి ఎవరు తెచ్చారని నేను తిరిగి అడుగుతాను. తుమ్మ, గోపు, గాలి, అల్లం, ఏరువ ఇంటిపేర్లు రెంటచింతలలో ఉన్నాయి, ఫిరంగిపురంలో ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. మా ఇళ్లలో పాత వియ్యాలన్నీ నది అవతలివే. స్వామి రావడానికి ముందే ఈ ఇళ్లలో పేరుంది, పేరుతోపాటు జపముంది.

ఇక్కడ ఆగి 1773 గురించి చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా ఆ సంవత్సరం మీదే నిలబడింది. అంతకుముందే పోర్చుగలులోనూ ఫ్రాన్సులోనూ యేసు సభను తరిమేశారు. 1773లో పద్నాలుగో క్లెమెంటు పాపు గారే ఆ సభను రద్దు చేశారు. కర్నాటక మిషను పారిసు సంస్థవాళ్ల చేతికి పోయింది. అప్పటికే ఉన్న స్వాములు ముసలివాళ్లయ్యారు, కొత్తవాళ్లు రాలేదు. తెలుగు సీమ అంతటికీ వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. పైగా హైదరు దండయాత్రలు, కంపెనీ యుద్ధాలు, కరువులు. మనుషుల లెక్కన ఆ మిషను అక్కడితో అయిపోయింది. ఐరోపాలో కూర్చొని చూసినవాడెవడైనా కలం మూసి పక్కన పెట్టేవాడే.

కానీ వందేళ్ల తరువాత 1875లో మిల్‌హిల్ స్వాములు దిగేసరికి వాళ్ల కోసం ఎదురుచూస్తున్న క్రైస్తవ పల్లెలున్నాయి. ఆ మధ్యకాలాన్ని ఎవరు మోశారు? స్వామి ఏడాదికోసారి, రెండేళ్లకోసారి గుర్రమెక్కి వచ్చేవాడు. మిగతా రోజుల్లో పొద్దుగూకాక జపమాల చెప్పించింది ఇంటి ఆడవాళ్లు. పుట్టిన బిడ్డ ప్రాణం మీదికొస్తే నీళ్లు పోసి జ్ఞానస్నానమిచ్చింది ఉపదేశి. చావు ఇంట్లో ప్రార్థన నడిపిందీ ఆయనే. మా నాయనమ్మ నాకు నేర్పిన జపాలు ఆమెకు ఆమె అత్త నేర్పింది. చేలో మిరపకాయ ఏరుతూ కూలికొచ్చిన పిల్లలకు వాటినే వరసగా చెప్పించేది. చదువు రాదు, అక్షరం ముక్క తెలియదు. తాను చేసేది సేవ అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. "మనం చెప్పేది చెబుదాం, నిలబెట్టేది సర్వేశ్వరుడు" అనేది.

ఆ ఒక్క మాటలో ఉన్నది మన కరపత్రాలు రాసేవాళ్లకు అందలేదని నా బాధ. యోహాను సువార్తలో అయిదువేల మందికి ఆహారం పెట్టిన ఘట్టం అందరికీ తెలుసు. నాలుగు సువార్తల్లోనూ ఉంది. ఆ రొట్టెలు ఒక పిల్లవాడివని చెప్పింది మాత్రం యోహాను ఒక్కడే. అవి యవల రొట్టెలని, అంటే పేదవాళ్ల తిండి అని చెప్పిందీ ఆయనే. పిల్లవాడి పేరు రాయలేదు. అంత మందికి ఇవి ఏ మూలకు వస్తాయని అడిగిన అంద్రెయ పేరు రాశాడు. మా ఊరి చరిత్ర రాసినవాళ్లు కూడా అంద్రెయల పేర్లు జాగ్రత్తగా రాసి, రొట్టెలిచ్చిన పిల్లవాణ్ని వదిలేశారు. సువార్తికుడు పేరు రాయకపోయినా పిల్లవాణ్ని నడిమధ్యలో నిలబెట్టాడు. మనవాళ్లు అదీ చేయలేదు.

పేరు నిలిచిన ఒక మనిషిని చెబుతాను, మా చుట్టరికపు ఊరి ఆడపడుచే. జ్ఞానమ్మ 1822లో ఫిరంగిపురంలో పుట్టింది. పెళ్లయ్యాక మద్రాసు దగ్గర కీళచ్చేరికి పోయింది. అది కూడా తెలుగు కతోలికులు వలసపోయి కట్టుకున్న ఊరే. మొగుడు పోయాడు, పిల్లలు ఎదిగారు. వితంతువు గడప దాటకూడదనే రోజుల్లో ఆమె ఆడపిల్లలకు చదువు చెప్పాలనుకుంది. 1860లలో ఫిరంగిపురంలో ఒకటి, కీళచ్చేరిలో ఒకటి చిన్న బడులు పెట్టింది. ఆ బడుల చుట్టూ చేరిన ఆడవాళ్లే రెండు చోట్లా పునీత అన్నమ్మ పేరిట కన్యస్త్రీల సభలుగా ఎదిగారు. 1874లో జ్ఞానమ్మ కన్నుమూసింది. మిల్‌హిల్ స్వాములు మద్రాసులో అడుగుపెట్టింది ఆ మరుసటి ఏడాది! ఆమె కళ్లారా చూసింది రెండు బడులు, పిడికెడు మంది ఆడపిల్లలు. ఆ తరువాత అన్నమ్మ సభ సిస్టర్లు నడిపిన బడుల్లో, ఆసుపత్రుల్లో ఎన్ని తరాలు బాగుపడ్డాయో తెలుగు దేశమంతటికీ తెలుసు. శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పరాయి దేశం నుంచి డబ్బూ మనుషులూ వస్తేనే పని మొదలైందని చెప్పేవాళ్లకు నేను ఈ తేదీలు చూపిస్తాను. పని ముందే మొదలైంది. వచ్చినవాళ్లు దానికి చేయి కలిపారు, వాళ్లకు దండం పెడతాను.

పాలపొడి మాట కూడా ఇక్కడే తేల్చాలి. క్రైస్తవులంటే గోధుమరవ్వకూ పాలపొడికీ మారినవాళ్లని ఎగతాళి చేసే నోళ్లు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. అమెరికా గోధుమలు, పాలపొడి పల్లెలకొచ్చింది స్వాతంత్ర్యం వచ్చాకే. మా ఇళ్లలో శౌరులూ ఇన్నయ్యలూ పుట్టింది అంతకు రెండు వందల ఏళ్ల ముందు. ఎవరి పాలపొడి కోసం వాళ్లు కృష్ణ దాటారు? నల్లరేగడి చేనులో జొన్న, మిరప, పత్తి వేసుకొని వానను నమ్ముకొని బతికారు. 1967లో సాగరు నీళ్లు వదిలాక ఎడమకాలువ ఈ సీమ బతుకు మార్చింది. అప్పటిదాకా అది మెట్ట బతుకే. ఆ మెట్ట బతుకులోనే కళ్లంలో గుడి పాలు పక్కన తీసిపెట్టారు. శుభవార్త దేవాలయం అంత ఎత్తున నిలబడిందంటే దాని అడుగున ఆ గింజలున్నాయి.

ఇప్పటిదాకా నాతో ఏకీభవించిన, ఆ వలస ఇళ్లవాళ్లయిన మా రెడ్లకు ఇకమీదటిది రుచించదు. అయినా రాస్తాను. ఈ విశ్వాసం నది దాటి వచ్చినవాళ్ల సొత్తే అన్నట్టు మనం మాట్లాడుతున్నాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ పల్లెల్లో యేసు పేరు మోసింది ఎక్కువగా మాదిగ, మాల ఉపదేశులు. వాళ్ల కథ మన కతోలిక గీతకు అవతలిది కావచ్చు, బాప్టిస్టులది కావచ్చు. దేవుడి లెక్కలో ఆ గీత ఉందని నేననుకోను.

నల్లగొండ బాప్టిస్టు మిషను సంగతే చూడండి. రష్యా సామ్రాజ్యపు దక్షిణాన, ఇప్పటి ఉక్రెయినులో, జర్మను మాట్లాడే మెన్నొనైటు రైతులుండేవాళ్లు. వాళ్లు పంపగా అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు 1890లో నల్లగొండకు వచ్చారు. అమెరికన్ బాప్టిస్టుల ఆధ్వర్యంలో పనిచేశారు. 1900 ప్రాంతంలో అదే మెన్నొనైట్లలో మరొకరు సూర్యాపేటలో కేంద్రం తెరిచారు. పల్లెపల్లెకూ తిరిగింది మాత్రం దొరలు కాదు, వాళ్ల దగ్గర రెండక్షరాలు నేర్చుకున్న మాదిగ పంతుళ్లు. చెప్పులు కుట్టుకుంటూ, వెట్టి చేస్తూ, రాత్రిళ్లు గూడెంలో దీపం పెట్టి చెప్పారు. తరువాత 1914లో ప్రపంచ యుద్ధం, 1917లో రష్యా విప్లవం. ఆ తరువాతి అంతర్యుద్ధంలో, కరువులో పంపినవాళ్ల పల్లెలే ధ్వంసమయ్యాయి. అక్కడి నుంచి వచ్చే చేయూత తెగిపోయింది. ఇక్కడి గూడేల్లో ప్రార్థన ఆగలేదు. మన 1773 ఏదో వాళ్ల 1917 అదే. తోట వేసినవాడు పోయినా చెట్టు కాపు ఆపలేదు.

ఒంగోలు సంగతి అందరికీ తెలిసిందే గానీ అందులోనూ లెక్కదే పైచేయి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందారని పుస్తకాలన్నీ చెబుతాయి. జాన్ క్లౌ దొర పేరు అందరూ చెబుతారు. దానికి పన్నెండేళ్ల ముందు, తాళ్లకొండపాడు నుంచి తోళ్ల వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య తానుగా దొరను వెతుక్కుంటూ వచ్చాడు. 1866లో బాప్తిస్మం పొంది తన వాళ్ల మధ్యకు తిరిగి పోయాడు. గూడేలన్నీ తిరిగి చెప్పుకొచ్చింది ఆయన. 1876 నుంచి ధాత కరువు. క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపిన మనిషికే అంత పంట దక్కింది. లెక్క కోసం పనిచేసినవాడు ఆ ఏడాది ఆపి ఉండేవాడా?

మిలాను స్వాములను నేను తక్కువ చేయడంలేదు. ఎండకు, మలేరియాకు ఓర్చి, మన భాష నేర్చుకొని, ఈ మట్టిలోనే కలిసిపోయినవాళ్లు వాళ్లలో ఎందరో ఉన్నారు. 1976 మే 31న నల్లగొండ మేత్రాసనం ఏర్పడింది, మన విచారణ దాని కిందికి వచ్చింది. మొదటి మేత్రాణులు మాథ్యూ చెరియన్‌కున్నెల్ గారు ఆ మిలాను సంస్థవారే. కేరళ బిడ్డ అయిన ఆయన ఇటలీవాళ్ల సభ తరఫున తెలుగు జిల్లాకు కాపరి అయ్యారు. ఏ ఊళ్లో విత్తింది ఎక్కడ మొలుస్తుందో చూడండి! సంస్థలు వేసుకునే పథకంలో ఇలాంటివి ఉండవు.

ఇంతా చెప్పింది మొదటి వాక్యం ఎవరిదో తేల్చడానికే. పాతకాలపు జ్ఞానస్నానాల దఫ్తర్లు లాటినులో రాసేవాళ్లు. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇచ్చిన గురువు పేరు ఉంటాయి. వాటి పక్కన జ్ఞానతల్లిదండ్రుల గడి ఉంటుంది. సంచికలు వేసేవాళ్లు గురువు గడి చూసి మూసేస్తారు. నేను చూడమనేది జ్ఞానతల్లిదండ్రుల గడి. ఏ ఇంటి మనిషి ఏ గూడెం బిడ్డకు నిలబడ్డాడు, ఏ ఉపదేశి పేరు మళ్లీ మళ్లీ వచ్చింది, ఆపదలో నీళ్లు పోసింది ఎవరు, ఇవన్నీ ఆ గళ్లలో దొరుకుతాయి. లాటిను చదవగల గురువులు మన మధ్య ఇంకా ఉన్నారు. కాగితం పొడిపొడి కాకముందే ఆ పేర్లు తెలుగులో ఎత్తి రాయించాలి. పెద్దవీడు, రఘునాథపాలెం, చౌటపల్లి, యాతవాకిళ్ల వైపు ఇళ్లలో పాత జపాల పుస్తకాలు, పెళ్లి కాగితాలు ఉన్నవాళ్లు వాటిని తేవాలి. గూడేల ఉపదేశుల మనవలు తమ తాతల పేర్లు చెప్పాలి. రాయడానికి నేను కూర్చుంటాను. వచ్చే పండుగ కాగితంలో మొదటి పేజీ ఆ పేర్లకు ఇచ్చి, గురువుల పేర్లు రెండో పేజీ నుంచి వేయమని విచారణ పెద్దలను అడుగుతున్నాను.